మన్యంలో కొలువు

ప్రభుత్వం అనే మాట వినగానే మనకు రాజధాని నగరం, శాసనసభ, సచివాలయం స్ఫురిస్తాయి. కొండల నడుమ నివసించే గిరిజనుడికి మాత్రం ప్రభుత్వమంటే బడిపంతులు, నర్సు, అటవీ ఉద్యోగి, రెవెన్యూ ఉద్యోగి. వారు సకాలంలో వచ్చి, తన మాట విని, తన పని చేసిపెడితే ప్రభుత్వం ఉన్నట్టు. రాకపోతే ఎన్ని చట్టాలున్నా ఆ గూడేనికి ప్రభుత్వం లేనట్టే. అందువల్ల ఉద్యోగంలో ఎవరిని నియమించాలి, నియమించినవారిని అక్కడ ఎలా నిలపాలి అనేవి కేవలం కార్యాలయాల్లో తేలిపోయే చిన్న విషయాలు కావు. అవి ప్రజల బతుకుతో ముడిపడిన ప్రశ్నలు.

ప్రభుత్వోద్యోగానికి రెండు ముఖాలున్నాయి. చదువుకొని అర్హత సంపాదించిన యువకుడికి అది జీవనాధారం, అవకాశం. ఆ ఉద్యోగి సేవను పొందవలసిన ప్రజలకు అది ఒక హామీ. నియామక విధానం ఈ రెండింటినీ ఒకే త్రాసులో తూచవలసి ఉంటుంది. అభ్యర్థులందరికీ సమాన న్యాయం జరగాలి. మారుమూల గూడెంలోని పసిబిడ్డకు చదువు కూడా అందాలి. ఈ రెండు ధర్మాలు ఎక్కువ సందర్భాల్లో కలిసే నడుస్తాయి. ఎప్పుడో ఒకప్పుడు ఒకదానికొకటి ఎదురుపడతాయి. అలా ఎదురుపడినప్పుడు ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి తూర్పు కనుమల్లోని కొయ్యూరు వంటి ప్రాంతాల చరిత్ర మనకు ఎంతో ఉపకరిస్తుంది.

కొయ్యూరు నేడు పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక మండలం. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా ఏర్పడక ముందు అది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కమ్మరలు మొదలైన గిరిజన తెగలవారు విశాఖ మన్యంలో తరతరాలుగా నివసిస్తున్నారు. 1924 మే 7న అల్లూరి సీతారామరాజు బ్రిటిషువారి తూటాలకు ప్రాణాలర్పించింది ఈ కొయ్యూరులోనే. ఆ వీరగాథ మనందరికీ తెలిసినదే. ఆ తిరుగుబాటుకు కారణమైన అసంతృప్తిలో ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనకు పెద్ద పాలు ఉన్నదనే సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

ఆ రోజుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారుగా బాస్టియన్ అనే అధికారి ఉండేవాడు. మన్యంలో రోడ్డు పనులకు గిరిజనులను బలవంతంగా తరలించడం, న్యాయంగా ఇవ్వవలసిన కూలి ఇవ్వకపోవడం వంటి దౌర్జన్యాలు అతని హయాంలో మితిమీరాయి. అతనిపై చేసుకొన్న ఫిర్యాదులకు పైఅధికారుల నుంచి తగిన స్పందన రాలేదు. పోడు వ్యవసాయంపై ఆంక్షలు, అటవీ చట్టాల కాఠిన్యం ఈ బాధకు తోడయ్యాయి. గాం గంటందొర, గాం మల్లుదొర వంటి స్థానిక నాయకులు సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై జరిగిన దాడులతో ఆ పోరాటం బహిరంగమైంది. ప్రజల భాష, బాధ ఎరుగని ఉద్యోగిని అదుపు లేని అధికారంతో కొండల మీద కూర్చోబెడితే పర్యవసానం ఎలా ఉంటుందో ఆ రెండేళ్ల చరిత్ర చాటిచెప్పింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత రాజ్యాంగ నిర్మాతలు ఈ సమస్యను రెండు వైపుల నుంచి పరిశీలించారు. ప్రభుత్వోద్యోగాల్లో పౌరులందరికీ సమానావకాశం ఉండాలని 16వ అధికరణం శాసించింది. జన్మస్థలాన్ని, నివాసాన్ని బట్టి ఎవరికీ ఉద్యోగం నిరాకరించరాదని చెప్పింది. ఏదైనా ఉద్యోగానికి నివాస నియమం పెట్టవలసి వస్తే ఆ అధికారం పార్లమెంటుకే ఉంటుందని అదే అధికరణంలోని మూడో ఖండం స్పష్టం చేసింది. ఉద్యోగాల్లో తగినంత ప్రాతినిధ్యం లేని వెనుకబడిన వర్గాలకు రిజర్వేషన్లు కల్పించవచ్చునని నాలుగో ఖండం అనుమతించింది. షెడ్యూల్డు ప్రాంతాల పాలన కోసం అయిదో షెడ్యూలును విడిగా చేర్చారు. పార్లమెంటు గానీ, శాసనసభ గానీ చేసిన చట్టం ఆ ప్రాంతాలకు వర్తించరాదనీ, లేదా కొన్ని మార్పులతో వర్తించాలనీ ఆదేశించే అధికారాన్ని ఆ షెడ్యూలులోని అయిదో పేరా గవర్నరుకు ఇచ్చింది.

తెలుగునాట ఉద్యోగాల విషయంలో స్థానికత అనే మాటకు మరొక చరిత్ర ఉంది. హైదరాబాదు సంస్థానంలో నిజాం కాలం నుంచి ముల్కీ నిబంధనలు అమలులో ఉండేవి. సంస్థానంలో నిర్ణీత కాలం నివసించినవారే అక్కడ ఉద్యోగాలకు అర్హులని వాటి సారాంశం. ఈ నిబంధనల చుట్టూ అలముకొన్న వివాదం 1969లో తెలంగాణ ఉద్యమానికీ, 1972లో జై ఆంధ్ర ఉద్యమానికీ దారితీసింది. చివరకు 1973లో ఆరు సూత్రాల పథకం కుదిరింది. రాజ్యాంగానికి 32వ సవరణ ద్వారా 371డి అధికరణాన్ని చేర్చారు. దానిని అనుసరించి 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. రాష్ట్రాన్ని జోన్లుగా విభజించి, జిల్లా కేడరులోని కింది స్థాయి పోస్టుల్లో 80 శాతం స్థానికులకే కేటాయించాలని ఆ ఉత్తర్వు నిర్దేశించింది. ఆ విధంగా స్థానికతకు జిల్లా, జోను అనేవి కొలమానాలయ్యాయి.

మన్యానికి చిక్కు ఇక్కడే వచ్చింది. జిల్లా అనే కొలబద్దతో కొండను కొలవడం సాధ్యం కాదు. పూర్వపు విశాఖపట్నం జిల్లాలో సముద్రతీర నగరమూ, మైదాన గ్రామాలూ, ఏజెన్సీ గూడేలూ కలిసి ఉండేవి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ జిల్లా మొత్తంలో గిరిజనులు సుమారు 14 శాతం మాత్రమే. ఏజెన్సీ మండలాలను విడిగా చూస్తే అత్యధికులు గిరిజనులే. ఉద్యోగాల రోస్టరు జిల్లాను ఒక యూనిట్‌గా తీసుకొంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగల కోటా 1986 నుంచి 6 శాతం. అంటే నూరు నియామకాల చక్రంలో వారికి దక్కేవి ఆరు. మైదానంలో ఈ లెక్క ఎలా ఉన్నా, దాదాపు పిల్లలందరూ గిరిజనులే అయిన బడికి మాత్రం చాలావరకు బయటి ఉపాధ్యాయులే రావలసిన పరిస్థితి ఏర్పడింది.

బయటి నుంచి వచ్చిన ఉపాధ్యాయులు అసమర్థులని భావించడం అన్యాయం. మన్యంలో ఏళ్ల తరబడి ఉండి, పిల్లలను కన్నబిడ్డల వలె తీర్చిదిద్దినవారు ఎందరో ఉన్నారు. అయితే పరిస్థితులు వారికి అనుకూలంగా లేవన్నది నిజం. వానాకాలంలో గెడ్డలు పొంగితే దారులు మూసుకుపోతాయి. మలేరియా భయం తరతరాలుగా వెంటాడుతూ వచ్చింది. నివాసానికి క్వార్టర్లు ఉండవు. సొంత పిల్లల చదువుకు మంచి బడి దగ్గరలో ఉండదు. ఏజెన్సీకి బదిలీ అంటే శిక్ష అనే భావం ఉద్యోగుల్లో పాతుకుపోయింది. కొందరు మైదాన ప్రాంతంలో కాపురం పెట్టుకొని, వీలైన రోజున వచ్చి, వీలుకాని రోజున మానివేసేవారు. బడి కాగితం మీద నడిచేది. పిల్లలు పశువుల వెంట, పెద్దల వెంట అడవికి వెళ్లేవారు. ఉపాధ్యాయుల గైర్హాజరీయే తన ప్రత్యేక ఉత్తర్వులకు ముఖ్య కారణమని రాష్ట్రప్రభుత్వం తరువాతి కాలంలో న్యాయస్థానాల ఎదుట వాదించింది.

స్థానికులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దాలనే ఆలోచన కొత్తదేమీ కాదు. ఆదిలాబాదు ప్రాంతంలో గోండుల జీవనాన్ని అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ప్రోత్సాహంతో 1943లో మార్లవాయి గ్రామంలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వెలసింది. అక్షరం ముక్క రాని గోండు యువకులకు మొదట చదువు నేర్పి, తరువాత వారినే గోండు గూడేల్లో ఉపాధ్యాయులుగా నియమించారు. పాఠాలు వారి మాతృభాషలో మొదలయ్యేవి. అర్హులు దొరకడం లేదని చేతులు ముడుచుకొని కూర్చోకుండా అర్హులను తయారు చేసుకోవడం ఆ పథకంలోని విశేషం. మన్యంలో ఉద్యోగాల గురించి ఆలోచించేవారు మరువరాని పాఠమది.

1986 నవంబరు 5న రాష్ట్ర గవర్నరు అయిదో షెడ్యూలు కింద తమకున్న అధికారాన్ని వినియోగించి జీవో 275 వెలువరించారు. షెడ్యూల్డు ప్రాంతాల్లోని పాఠశాలల్లో ఉపాధ్యాయ పోస్టులను గిరిజనులతోనే నింపాలని దాని సారాంశం. అర్హులైన గిరిజనులు లభించే వరకు ఇతరులను కొనసాగించవచ్చునని 1988లో మరొక ఉత్తర్వు ద్వారా సడలింపు ఇచ్చారు. జీవో 275ను 1989లో రాష్ట్ర పరిపాలనా ట్రైబ్యునల్ కొట్టివేసింది. దానిపై సుప్రీంకోర్టులో వేసిన అప్పీలును ప్రభుత్వం 1998లో ఉపసంహరించుకొంది. అనంతరం 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. ఏజెన్సీ ప్రాంతాల్లో నేటికీ ఆబాలగోపాలం ఎరిగిన ఉత్తర్వు ఇదే. షెడ్యూల్డు ప్రాంతాల పాఠశాలల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజన అభ్యర్థులకే చెందాలనీ, అందులో మూడింట ఒక వంతు మహిళలకు కేటాయించాలనీ అది ఆదేశించింది. తాము గానీ, తమ తల్లిదండ్రులు గానీ 1950 జనవరి 26 నుంచి ఆ ప్రాంతంలో నిరంతరంగా నివసిస్తున్నవారే స్థానికులని నిర్వచించింది.

ఈ ఉత్తర్వు ఫలితంగా గిరిజన యువత చదువులో కొత్త ఉత్సాహం కనిపించింది. పదో తరగతి తరువాత చదువెందుకు అనే ప్రశ్నకు గూడెంలో ఒక సమాధానం దొరికింది. ఇంటర్మీడియట్, ఆపై ఉపాధ్యాయ శిక్షణ, ఆపై సొంత మండలంలో కొలువు అనే దారి కళ్లెదుట కనిపించింది. తనలాగే మాట్లాడే మనిషి పాఠం చెబుతుంటే పిల్లవాడికి బెదురు తగ్గుతుంది. ఆ కుర్చీలో రేపు తానూ కూర్చోవచ్చుననే ఆశ మొలకెత్తుతుంది. ఈ ప్రయోజనాన్ని అంకెలతో కొలవడం కష్టమే గానీ, విస్మరించదగినది కాదు.

మరోవైపు నష్టపోయినవారూ ఉన్నారు. ఏజెన్సీలోనే పుట్టి పెరిగిన గిరిజనేతరులకు, వారిలోని దళితులకు, వెనుకబడిన తరగతులవారికి తమ ఊరి బడిలో ఉపాధ్యాయులయ్యే దారి పూర్తిగా మూసుకుపోయింది. 1950 తరువాత వలస వచ్చి స్థిరపడిన గిరిజన కుటుంబాల పిల్లలకు కూడా అర్హత లేకుండా పోయింది. వీరంతా న్యాయం కోసం కోర్టు మెట్లెక్కారు. 2001లో ఉన్నత న్యాయస్థానం మెజారిటీ తీర్పు జీవో 3ను సమర్థించింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. దాదాపు రెండు దశాబ్దాల తరువాత, 2020 ఏప్రిల్ 22న, చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో జస్టిస్ అరుణ్ మిశ్రా అధ్యక్షతన అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తుది తీర్పు వెలువరించింది.

ఆ తీర్పు జీవో 3ను రద్దు చేసింది. అందులోని ప్రధానాంశాలను సంగ్రహంగా ఇలా చెప్పుకోవచ్చు. మొదటిది, అయిదో పేరా ప్రకారం గవర్నరుకున్న అధికారం ఉన్న చట్టాలను వర్తింపజేయడంలో మార్పులకు సంబంధించినది. పౌరుల ప్రాథమిక హక్కులను దాటిపోయే అధికారం దానివల్ల రాదు. రెండవది, రిజర్వేషన్లు సాధారణంగా 50 శాతం మించరాదని 1992లో ఇందిరా సాహ్నీ కేసులో నిర్ణయమైంది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ అంటే ఇతరులకు అవకాశమే లేకుండా చేయడం. మూడవది, ఈ ఉత్తర్వు 371డి కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుకు విరుద్ధం. నాలుగవది, 1950 నాటి నివాస నియమం గిరిజనుల మధ్యనే వివక్ష చూపుతున్నది. గిరిజనులకు గిరిజనులే బోధించాలనే భావనను ధర్మాసనం తీవ్రంగా నిరసించింది. గైర్హాజరీని అరికట్టడానికి వేరే మార్గాలు వెదకవలసిందని అభిప్రాయపడింది. అయితే అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని తొలగించలేదు. ఇకముందు ఇటువంటి ప్రయత్నం మళ్లీ చేయరాదనే షరతుతో వారి నియామకాలను కాపాడింది. కేసు ఖర్చుల కింద 5 లక్షల రూపాయలు చెల్లించాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలను ఆదేశించింది.

తీర్పు వచ్చిన తరువాత మన్యంలో ఆవేదన వ్యక్తమైంది. జీవో 3కు చట్టబద్ధత కల్పించాలనీ, ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ నిర్వహించాలనీ కోరుతూ గిరిజన సంఘాలు ఆందోళనలు చేశాయి. ఈ ఆవేదనను మనం అర్థం చేసుకోవాలి. ఇరవై ఏళ్ల పాటు ఒక తరం యువత ఆ ఉత్తర్వును నమ్ముకొని తన చదువును మలచుకొంది. శిక్షణ పూర్తి చేసుకొని ప్రకటన కోసం ఎదురుచూస్తున్న గిరిజన యువతి దృష్టిలో ఆ తీర్పు ఒక న్యాయసూత్రం కాదు, చేతికందబోయిన జీతం. అదే ఏజెన్సీలో పుట్టి, అర్హత ఉండి కూడా ఇరవై ఏళ్లు దరఖాస్తు చేసుకోలేకపోయిన గిరిజనేతర యువకుడి బాధ కూడా నిజమైనదే. ఈ ఇద్దరినీ ఒకరికొకరిని శత్రువులుగా చూడటం సులభం. ఇద్దరికీ న్యాయం చేసే మార్గం అన్వేషించడమే పాలకుల కర్తవ్యం.

అటువంటి మార్గాలు లేకపోలేదు. కోటా అంటే ఒక్కటే పరికరమని భావించనక్కరలేదు. తెలంగాణ రాష్ట్రం 2022లో గిరిజనుల రిజర్వేషన్‌ను 6 నుంచి 10 శాతానికి పెంచింది. పోస్టును జిల్లాతో కాక సేవాస్థానంతో ముడిపెట్టడం, గిరిజన భాష తెలిసి ఉండటాన్ని ఒక యోగ్యతగా పరిగణించడం వంటి ఆలోచనలను రాజ్యాంగం గీసిన గీత లోపలే పరిశీలించవచ్చు. భాష తెలియడం పుట్టుకతో వచ్చే హక్కు కాదు. అది ఎవరైనా నేర్చుకోదగిన విద్య. కువి, సవర, కోయ, కొండ, ఆదివాసీ ఒడియా మొదలైన భాషల్లో ప్రాథమిక బోధన చేపట్టే బహుభాషా విద్యా కార్యక్రమాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ప్రారంభించడం ఈ దిశగా పడిన ఒక మంచి అడుగు.

ప్రభుత్వం తన ఇతర నియామకాల్లో స్థానికతను గుర్తించిన సందర్భాలూ ఉన్నాయి. అంగన్‌వాడీ కార్యకర్తగా ఆ ఊరి స్త్రీనే ఎంపిక చేస్తారు. ఆశా కార్యకర్త విషయంలోనూ ఇంతే. పసిపిల్లకు తిండి పెట్టే తల్లి, గర్భిణిని ఆసుపత్రికి చేర్చే తోడు అదే ఊరిమనిషి అయితేనే పని నెరవేరుతుందని అందరూ అంగీకరించారు. అయితే ఆ కొలువులకు ఇచ్చేది గౌరవ వేతనమే. జీతభత్యాలు, పదోన్నతి గల ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి స్థానికత వివాదమవుతున్నది. ఈ తేడా మనల్ని ఆలోచింపజేయక మానదు.

నియామకం ఎంత ముఖ్యమో, నియమితుడైన ఉద్యోగి పనిచేసే పరిస్థితులు కూడా అంతే ముఖ్యం. ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేసేవారికి ప్రత్యేక పరిహార భత్యం ఇచ్చే పద్ధతి ఉంది. ఉపాధ్యాయుల బదిలీల్లో మారుమూల స్థానాల్లో పనిచేసినవారికి ఎక్కువ పాయింట్లు ఇస్తారు. దాని వల్ల కొండ మీద కొన్నేళ్లు సేవ చేసినవారికి తరువాత కోరుకొన్న చోటు లభించే అవకాశం కలుగుతుంది. వీటికి తోడు నివాసయోగ్యమైన క్వార్టరు, మంచినీరు, బాగోగులు విచారించే అధికారి ఉంటే ఉద్యోగికి కొండ శిక్షగా తోచదు. ఆశ్రమ పాఠశాలల్లో రాత్రింబవళ్లు పిల్లల బాధ్యత మోసే ఉపాధ్యాయుడికి ఈ వసతులు విలాసాలు కావు, అవసరాలు. వాటిని కల్పించిన తరువాత విధులకు రానివారిపై క్రమశిక్షణ చర్య తీసుకొంటే దానిని ఎవరూ తప్పుపట్టలేరు.

ఇక ధ్రువీకరణ పత్రాల సంగతి. గిరిజనుడు కానివాడు గిరిజనుడినని పత్రం సంపాదిస్తే ఒక పోస్టు మాయమవుతుంది. దానితోపాటు ఒక గూడెంలో ఒక కుటుంబం ఆశ అడుగంటుతుంది. ఈ మోసాన్ని నివారించడానికే 1993లో రాష్ట్ర శాసనసభ కుల ధ్రువీకరణ పత్రాల జారీని క్రమబద్ధం చేస్తూ చట్టం చేసింది. తప్పుడు పత్రం పొందడం, దానితో ఉద్యోగం సంపాదించడం ఆ చట్టం కింద శిక్షార్హం. రిజర్వేషన్ ఎంత శాతం ఉండాలని వాదించుకొనే ముందు, ఉన్న శాతం అర్హులకే చేరుతున్నదా అని చూడటం మన కనీస ధర్మం.

ఒకనాడు కొయ్యూరు ప్రాంతం ప్రభుత్వాన్ని తహసీల్దారు కొరడాలో చూసింది. నేడు అదే ప్రభుత్వాన్ని నల్లబల్లపై అక్షరంలో చూడాలని కోరుకొంటున్నది. ఈ నూరేళ్ల మార్పు చిన్నది కాదు. చేయవలసినది ఇంకా మిగిలి ఉన్నదన్నదీ కాదనలేని సత్యం. మీలో కొందరు రేపు ప్రభుత్వోద్యోగాలకు దరఖాస్తు చేసుకొంటారు. ఉద్యోగ ప్రకటన చేతికి రాగానే ఎన్ని పోస్టులు, ఎంత జీతం అని చూడటం సహజమే. దానితోపాటు ఈ పోస్టు ఎవరి కోసం ఏర్పడింది, అక్కడ నా కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు అని కూడా ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్నకు సమాధానంగా కొండ మీది బడిలో ఒక పిల్లవాడు పలక పట్టుకొని నిలబడి ఉంటాడు. వాడి బడి తలుపు ప్రతి ఉదయం తెరుచుకొన్నప్పుడే ఏ నియామక విధానమైనా సఫలమైనట్టు.